షాఫ్ట్ రబ్బరు బుష్ అరుగుదల చూసేముందు జాగ్రత్తలు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. ఒడిశాలోని గంజాం తీరంలో బోట్లు ఒడ్డెక్కించి చూసుకోవడానికి ఇదే అదను. ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు షాఫ్ట్; అది ఊగకుండా పట్టి ఉంచే రబ్బరు గొట్టం లాంటి ఆధారమే బుష్. తెరచాప పడవైనా, వేట బోటైనా పరీక్ష ఒకటే.

• ఇంజన్ తాళం తీసి జేబులో వేసుకోండి. బ్యాటరీ స్విచ్ కట్టేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఆ తర్వాతే ప్రొపెల్లర్ మీద చెయ్యి వెయ్యాలి.

• పడవ దిమ్మెల మీద కదలకుండా నిలబడాలి.

• షాఫ్ట్‌కి చుట్టుకున్న నైలాన్ తాళ్లు, అతుక్కున్న గుల్లలు ముందు తీసేయండి. అవి ఉంటే అరిగిన బుష్ కూడా బిగుతుగానే అనిపిస్తుంది.

• షాఫ్ట్‌ని బుష్ పక్కనే పట్టుకుని పైకీ కిందికీ, తర్వాత అటూ ఇటూ ఊపండి. ప్రొపెల్లర్ రెక్క కింద గడ్డపార పెట్టి లేపొద్దు, షాఫ్ట్ వంగిపోతుంది. షాఫ్ట్‌కీ బుష్‌కీ మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తోనే (సందు కొలిచే పల్చటి రేకులు) కొలవండి. 25 మి.మీ. షాఫ్ట్‌కి ఆ ఖాళీ సుమారు 1.5 మి.మీ. దాటితే బుష్ మార్చాల్సిందే. కొత్త బుష్‌లోనూ నీరు పారడానికి కాస్త ఖాళీ ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు.

• టార్చి వేసి చూడండి. చుట్టూ సమానంగా అరిగితే అది ఇసుక నీళ్ల పని; ఋషికుల్య, బాహుదా నదుల మొగల్లో తిరిగే పడవలకి మామూలే. ఒక పక్కే అరిగితే ఇంజన్‌కీ షాఫ్ట్‌కీ వరస (రెండూ ఒకే గీతలో ఉండటం) తప్పిందేమో అనుమానించాలి. అది సరిచేయకుండా బుష్ మారిస్తే కొత్తదీ అలాగే పోతుంది. వరస చూడటం మాత్రం పడవ నీళ్లలో దిగాకే.

• షాఫ్ట్ మీద గోరు తగిలే గాడి ఉంటే కొత్త బుష్ నిలవదు.

• గ్రీజు పూయొద్దు, రబ్బరు పాడవుతుంది. సబ్బునీళ్లు చాలు. నీళ్లు లేకుండా ఇంజన్‌తో షాఫ్ట్ తిప్పితే రబ్బరు మాడిపోతుంది.