కొత్త హెడ్ గాస్కెట్ మళ్లీ కాలిపోయిందా? ఈసారి బ్లాక్ ఫేస్ చూడండి

సమస్య: ట్రాక్టర్‌కు కొత్త గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కు, దాని మీద కూర్చునే హెడ్‌కు మధ్య లీకు రాకుండా వేసే పలుచని రేకు) వేసి నెల కాలేదు. రేడియేటర్‌లో మళ్లీ బుడగలు, నీళ్లు తగ్గిపోతున్నాయి, డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంది. చాలామంది గాస్కెట్ నకిలీదంటారు. హెడ్‌నేమో లేత్ షాపులో చదును చేయించారు, బ్లాక్ ఫేస్‌ను, అంటే గాస్కెట్ కూర్చునే పైభాగాన్ని, మాత్రం గుడ్డతో తుడిచి వదిలేశారు. నేను ముందు అనుమానించేది అక్కడే.

కారణం: అంటుకుపోయిన పాత గాస్కెట్ ముక్కలు, లేదా వాటిని తీయడానికి వాడిన గ్రైండర్. ఎమరీ డిస్క్ పెడితే ఐదు నిమిషాల్లో బ్లాక్ మెరుస్తుంది, నిజమే. కానీ డిస్క్ ఆగిన చోటల్లా కంటికి కనపడని గుంట పడుతుంది. రాలిన రవ్వ ఆయిల్ దారిలోకి జారితే బేరింగులు అరిగిపోతాయి. దయచేసి ఆ పని చేయకండి.

పరిష్కారం: సిలిండర్లలో, ఆయిల్, నీళ్ల రంధ్రాల్లో గుడ్డలు కుక్కండి. ఎన్ని పెట్టారో లెక్క రాసుకోండి. గాస్కెట్ రిమూవర్ రాసి నానబెట్టి, బ్లేడును దాదాపు పడుకోబెట్టి గీకండి. అల్యూమినియం బ్లాక్ అయితే ప్లాస్టిక్ స్క్రేపరే వాడాలి.

తర్వాత స్ట్రెయిట్ ఎడ్జ్‌ను (వంకర లేని ఉక్కు పట్టీ) పొడవునా, అడ్డంగా, రెండు మూలల నుంచి ఐమూలగా పెట్టి చూడండి. దాని కింద 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) ఎక్కడైనా దూరితే మాన్యువల్‌లో పరిమితి చూడండి. అది దాటితే బ్లాక్‌ను మెషీన్ షాపుకు పంపాల్సిందే.

వెట్ లైనర్ ఇంజిన్లలో (సిలిండర్‌గా విడి గొట్టం, అంటే లైనర్, దించి దాని చుట్టూ నీళ్లు నేరుగా తగిలేవి) లైనర్ల ఎత్తు కూడా ముఖ్యం. చాలావాటిలో లైనర్ అంచు బ్లాక్ కంటే వెంట్రుకవాసి పైకి ఉండాలి. ఒకటి కిందికి దిగితే గాస్కెట్ సరిగ్గా అక్కడే కాలుతుంది. డయల్ గేజ్‌తో (సన్నని ఎత్తు తేడాను ముల్లుతో చూపే పరికరం) ఒక్కో లైనర్‌ను నాలుగు చోట్ల కొలవండి. హెడ్ తీసి ఉన్నప్పుడు లైనర్లను బిగించకుండా క్రాంక్ తిప్పితే అవి పైకి లేస్తాయి, జాగ్రత్త.

బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ నిలిస్తే టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బలంగా బిగిసిందో చూపే రెంచ్) తప్పు చెబుతుంది. బోల్టు అడుగుకు దిగక ముందే బిగిసినట్టనిపిస్తుంది, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. గాలి కొట్టి ఆరబెట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి, రంధ్రంలోని ఆయిల్ నేరుగా ముఖం మీదికే చిమ్ముతుంది.

గుడ్డలు లెక్కపెట్టి తీసి, బ్లాక్‌ను థిన్నర్‌తో తుడవండి. మాన్యువల్ చెప్పకపోతే గాస్కెట్‌కు గ్రీజు, పేస్టు ఏవీ రాయకుండా పొడిగానే కూర్చోబెట్టండి.