మార్కెట్ కూరగాయలు మేపాక బర్రెకి ఏదో తేడా చేసిందా? ఇలా చూసుకోండి

రాత్రి మార్కెట్ మూసే వేళకి కాలీఫ్లవర్ ఆకులు, క్యాబేజీ పొరలు, మెత్తబడ్డ టమాటాలు ఊరికే వస్తాయి. నాలుగు గోనె సంచులు బండి మీద వేసుకొచ్చి తొట్టిలో గుమ్మరిస్తాం, బర్రెలు ఆవురావురుమని తింటాయి, దాణా ఖర్చు తగ్గిందని మనకి సంతోషం. నాకు ఆ సంతోషం సరిగ్గా పది రోజులు ఉంది. తర్వాత ఒక్కో తిప్పలూ మొదలైంది. అందుకే కనిపించే లక్షణం దగ్గర మొదలుపెట్టి రాస్తున్నాను, మీ బర్రెకి ఏది కనిపిస్తే అక్కడ చదువుకోండి.

పాలు తగ్గలేదు, కానీ కేంద్రంలో వెన్న శాతం పడిపోయింది

అందరికీ ముందు తగిలే దెబ్బ ఇదే. పాల కేంద్రం మిషన్ మీద, నీళ్లు కలిపావా అని అడిగే ఊళ్లో వాళ్ల మీద కోపం తెచ్చుకుంటాం కానీ తప్పు తొట్టిలోనే ఉంటుంది. క్యాబేజీ, టమాటాల్లో నూటికి 92 నుంచి 94 పాళ్లు నీరే. 20 కిలోల క్యాబేజీ మేపితే నీళ్లు పోగా పొట్టలోకి వెళ్లిన మేత కిలోన్నర. 400 కిలోల బర్రెకి రోజుకి దాదాపు 10 కిలోల ఎండు మేత కావాలి. పొట్ట చూస్తే కుండలా నిండి ఉంటుంది కాబట్టి మనం గడ్డి వేయడం తగ్గిస్తాం, అసలు తప్పు అక్కడ జరుగుతుంది, ఎందుకంటే పాలలో వెన్నకి కావలసిన సరుకు పీచు నమిలి నెమరేస్తేనే తయారవుతుంది.

పొద్దున ముందు వరిగడ్డో జొన్న చొప్పో కడుపుకి వేయండి, కూరగాయలు ఆ తర్వాతే. పెద్ద బర్రెకి రోజుకి 8-10 కిలోలు దాటనివ్వను నేను, అదీ రెండు పూటలకి పంచి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రెండు కిలోలతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచండి. పొట్టలోని సూక్ష్మజీవులు కొత్త మేతకి అలవాటు పడటానికి ఆ మాత్రం టైం పడుతుంది.

పేడ జావలా, పుల్లటి వాసన, నెమరు లేదు

మామిడి తొక్కలు, మగ్గిన అరటిపళ్లు, ద్రాక్ష ఒకేసారి ఎక్కువ తిన్నప్పుడు వస్తుంది. పెళ్లిలో మిగిలిన అన్నం గంపలకొద్దీ పోసినప్పుడు అయితే ఇంకా ఘోరం. చక్కెర, పిండి పదార్థం పొట్టలో గబగబా పులిసి ఆమ్లంగా మారుతుంది, అందులో పీచుని అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల నుంచి తొక్కలు తెచ్చుకునేవాళ్లకి సీజన్‌లో ఈ టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది.

తొక్కలు, పళ్లు వెంటనే ఆపి ఎండుగడ్డి మాత్రమే వేయండి. పశువు హుషారుగా నిలబడి ఉంటే 100 గ్రాముల వంటసోడా నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించవచ్చు. కళ్లు లోపలికి పోయినా, తూలుతున్నా, పడుకుని లేవకపోయినా సొంత వైద్యం మానేసి 1962కి ఫోన్ చేయండి, రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం ఆ నంబర్‌కే వస్తుంది. పడుకున్న పశువు నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఉన్న జబ్బు కంటే అదే ముందు చంపుతుంది.

ఎడమ డొక్క డోలులా ఉబ్బింది

ముందు నోరు చూడండి. మెడ చాచి, చొంగ కారుస్తూ, దగ్గుతూ ఉంటే గొంతులో ఏదో ఇరుక్కుంది: మామిడి టెంక, బంగాళాదుంప, బీట్‌రూట్, క్యారెట్ ముక్క. నూనె పోయకూడదు, కర్రతో నెట్టకూడదు (మా వీధిలో ఒకాయన నెట్టాడు, ఆ సంగతి వద్దులెండి), డాక్టర్‌ని పిలవడమే. ఆయన వచ్చేదాకా నీళ్లు, మేత దూరంగా పెట్టండి. ఇక మీదట దుంపలన్నీ చిన్న ముక్కలుగా కోసి వేయండి, టెంకలు ఏరేయండి.

చొంగ లేకుండా ఒట్టి ఉబ్బరమే అయితే తడి ఆకులు ఎక్కువై గ్యాస్ నురగగా పట్టేసి ఉంటుంది. ముందరి కాళ్లు ఎత్తుగా ఉండేలా నిలబెట్టి, పావు లీటరు నుంచి అర లీటరు వంటనూనె తల మరీ పైకెత్తకుండా నెమ్మదిగా తాగించండి. ఊపిరి కష్టమైతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా డాక్టర్‌ని పిలవండి.

మూత్రం కాఫీ రంగులో వస్తోంది

ఉల్లిగడ్డ ధర పడిపోయి కర్నూలు వైపు కుప్పలు పారబోసిన రోజుల్లో ఇది చూస్తాం. ఉల్లిలోని గంధక పదార్థాలు ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, మేకలు, గొర్రెల కంటే ఆవులే తొందరగా దెబ్బతింటాయి. చిగుళ్లు, కనురెప్ప లోపలి భాగం పాలిపోతాయి, ఊపిరిలో ఉల్లి వాసన వస్తుంది. క్యాబేజీ జాతి ఆకులు రోజుల తరబడి అదే పనిగా మేపినా ఇలా కావచ్చు. కాకపోతే ఎర్ర మూత్రం కనపడగానే ఉల్లి మీదకి తోసేయకండి. జ్వరం, ఒంటి మీద పిడుదులు ఉంటే అది పిడుదు జ్వరం కావచ్చు, ఈనిన కొన్ని వారాల్లోపు బర్రె అయితే భాస్వరం లోపం కావచ్చు. మూడింటికీ మందులు వేరు, కాబట్టి ఏం మేపారో ఎన్ని రోజులు మేపారో డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. చూలు పశువుకి ఉల్లి అసలు వద్దు.

పాలు వాసన వస్తుంటే చిన్న పనే: ఉల్లి, వెల్లుల్లి పొట్టు మానేసి, క్యాబేజీ, ముల్లంగి ఆకులు పాలు పితికాక వేయండి.

తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ ఉబ్బుతోంది

ఏ మందూ పట్టడం లేదంటే లోపల ప్లాస్టిక్ ఉందేమో అనుమానించండి. మార్కెట్ చెత్తలో కవర్లు, రబ్బరు బ్యాండ్లు, బుట్టల వైరు ముక్కలు తప్పకుండా ఉంటాయి. అవి అరగవు, పొట్టలో ఉండ కడతాయి, పేరుకుపోతే ఆపరేషన్ చేసి తీయాల్సిందే. తెచ్చింది తార్పాలిన్ మీద పరిచి చేత్తో ఏరడం ఇరవై నిమిషాల పని, చిరాకు పనే, అయినా పిల్లలకి అప్పగించకుండా మీరే చేయండి. అప్పుడే బూజు పట్టినవి, ఆకుపచ్చగా మారిన లేదా మొలకెత్తిన బంగాళాదుంపలు, టమాటా మొక్క కాడలు పక్కన పడేయొచ్చు. పెద్దాపురం చుట్టుపక్కల దొరికే పచ్చి కర్రపెండలం తొక్కలో సైనైడ్ ఉంటుంది, బాగా ఎండబెట్టనిదే ముట్టనివ్వద్దు. పురుగుమందు వాసన కొట్టే కాలీఫ్లవర్ ఎంత ఫ్రీగా ఇచ్చినా తేవద్దు, తిన్నాక చొంగ, వణుకు కనిపిస్తే అది విషం, డాక్టర్ కోసం పరుగెత్తాలి.

ఎక్కువ వచ్చింది, తెల్లారేసరికి కుళ్లిపోతోంది

కుళ్లినది మేత కాదు, పెంటకుప్పకో గ్యాస్ ప్లాంటుకో వదిలేయండి. బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకి పది టన్నుల వ్యర్థంతో కరెంటే తీశారు. తాజాగా ఉన్నదాన్ని మాత్రం మాగవేసుకోవచ్చు. ముక్కలు చేసి ఒక పూట నీడలో వాడ్చి, మూడు పాళ్ల కూరగాయలకి ఒక పాలు తరిగిన వరిగడ్డి కలపండి. పిడికిట నొక్కితే నీళ్లు కారకూడదు, వదిలితే ముద్ద మెల్లగా విచ్చుకోవాలి, కారితే ఇంకాస్త గడ్డి వేయండి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ములో పొర పొరకీ కాలితో తొక్కి, గాలి లేకుండా మూసి నెల రోజులు ముట్టుకోవద్దు. తెరిచినప్పుడు పులిసిన దోసెపిండి లాంటి వాసన రావాలి. పైన నల్లబడిన పొర ఉంటే తీసి పారేసి కింది నుంచి వాడండి, మొదటి రోజు ఒక్క దోసెడు పెట్టి బర్రె ఎలా తింటుందో చూడండి. మా నల్లది మొదట మొహం తిప్పుకుంది, మూడో రోజుకి డ్రమ్ము మూత చప్పుడైతే చాలు అరవడం మొదలుపెట్టింది.