చవితి మండపం దగ్గర ఆర్కెస్ట్రా పెడుతున్నారా? ముందే చూసుకోవలసినవి

వినాయక చవితి మండపానికి అనుమతి వచ్చింది కదా, ఐదో రోజు పెట్టే ఆర్కెస్ట్రాకు కూడా అదే చాలనుకునే కమిటీలు చాలా ఉన్నాయి. చాలదు. మండపం వేరు, మైకు వేరు, స్టేజీ ప్రోగ్రాం వేరు. పోలీసుల పోర్టల్‌లో దరఖాస్తు పెట్టేటప్పుడే ప్రోగ్రాం తేదీ, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, వచ్చే జనం అంచనా, సౌండు బాక్సుల సంఖ్య రాయండి. దాని కాపీని స్టేషన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. పది రోజుల ముందే ఈ పని అయిపోవాలి. పండగ వారంలో బందోబస్తు పనుల్లో మీ కాగితం అడుగున పడిపోతుంది.

ఎక్కువ చిక్కులు స్థలం దగ్గరే వస్తాయి. ప్రైవేటు జాగా అయితే యజమాని సంతకంతో కాగితం ఉండాలి. మాటగా ఒప్పుకున్న మనిషి, పక్కింటివాళ్లు ఫిర్యాదు చేయగానే వెనక్కి తగ్గుతాడు. రోడ్డు అయితే మున్సిపాలిటీనో పంచాయతీనో అడగాలి. ఫైరింజను పోయే దారి వదిలి, టేపుతో కొలిచి, స్కెచ్ గీసి జత చేయండి. స్టేజీ కట్టే రోజు "రెండడుగులు ముందుకు జరుపుదాం" అంటే మాత్రం ఒప్పుకోవద్దు. రేపు ఏదైనా జరిగితే అధికారులు ఆ స్కెచ్‌నే బయటికి తీస్తారు.

మైకుకు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాతపూర్వక అనుమతి తప్పనిసరి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మోగించకూడదు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అందులో మీ తేదీ ఉందో లేదో ఉత్తర్వు కళ్లతో చూశాకే నమ్మండి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించవచ్చు. ఇళ్ల మధ్య పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. మైకు వాడే స్థలం సరిహద్దు దగ్గర కొలిస్తే ఆ పరిమితి మీద 10 డెసిబెల్స్‌కు మించి పెరగకూడదు.

అసలు ఆలస్యం పాటల వల్ల రాదు, సన్మానాల వల్ల వస్తుంది. శాలువాలు, మెమెంటోలు, నాయకుల ప్రసంగాలు కలిసి గంట మింగేస్తాయి. ఆ గంట కూడా లెక్కలో వేసుకుని 9.30కి ముగిసేలా ప్రోగ్రాం రాసుకోండి. ఆర్కెస్ట్రావాళ్లకు బయానా ఇచ్చేటప్పుడే ముగింపు వేళ, బాక్సుల సంఖ్య కాగితం మీద పెట్టండి. హైదరాబాద్‌లో 2024లో ఊరేగింపుల్లో డీజేలను పోలీసులు నిషేధించారు. కాబట్టి అవే బాక్సులు నిమజ్జనం బండి ఎక్కిద్దామన్న ఆలోచన పెట్టుకోవద్దు.

మతపరమైన వేడుకలో పాటలు వాడుకోవడానికి కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. టిక్కెట్టు పెట్టి కచేరీ చేస్తే ఆ మినహాయింపు మీద ఆధారపడకండి, లైసెన్సు సంగతి ముందే తేల్చుకోండి.

అన్నిటికన్నా భయపడాల్సింది కరెంటుకు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. తీగల కింద స్టేజీ గానీ, ఇనుప ఆర్చి గానీ వద్దు. స్తంభానికి కొక్కెం వేయకుండా తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి, 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. భాద్రపదం వానల్లో తడిసిన గ్రీన్ మ్యాట్ కింద టేపు చుట్టిన జాయింటు ఒక్కటున్నా మైకు పట్టుకున్న మనిషికి షాకు కొడుతుంది. అందుకే వైరు మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్కగా లాగించి, ఎత్తున కట్టించండి. పందిరి ఎత్తు 3 మీటర్లకు తగ్గకూడదు, పక్క భవనానికి 4.5 మీటర్ల దూరం ఉండాలి. సింథటిక్ గుడ్డ కట్టవద్దు, నిప్పంటుకుంటే కరిగి జనం మీద పడుతుంది.

ప్రోగ్రాం రాత్రి మెయిన్ స్విచ్ దగ్గర తాగని మనిషిని ఒకరిని, అనుమతి కాగితాల ఫైలుతో సహా కూర్చోబెట్టండి. వాన చినుకు పడితే ఎవరినీ అడగకుండా స్విచ్ దించే అధికారం అతనికి ఉందని స్టేజీ మీదివాళ్లకు ముందే చెప్పి ఉంచండి.