టెర్మినల్‌లో చదరంగం: ఎత్తు ఒప్పుకోదు, బదులు రాదు, ఆట పోతుంది. ఎందుకు, ఏం చేయాలి?

తిరుపతి, చిత్తూరు ల్యాబుల్లో ఉబుంటు వేసిన పాత కంప్యూటర్లు చాలా ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా, నెట్ రాకపోయినా వాటి మీద మంచి చదరంగం ఆడవచ్చు, కీబోర్డు ఒక్కటి ఉంటే చాలు. అయితే కొత్తగా కూర్చున్నవాళ్లు మొదటి పది నిమిషాల్లోనే ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. ప్రోగ్రామ్ పాడైందని మూసేస్తారు. నిజానికి అది పాడయ్యే సందర్భాలు చాలా అరుదు. మనం రాసిన అక్షరమో, దానికి మనం పెట్టిన మోడో తేడాగా ఉంటుంది.

ఇక్కడ ఆదేశాలన్నీ పలికినట్టు తెలుగులో రాశాం. మీరు మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. పెద్దక్షరం తప్పనిసరైన చోట విడిగా చెప్పాం.

ముందు ఒక మాట. టెర్మినల్ అంటే ఆదేశాలు కీబోర్డుతో కొట్టే తెర. టెర్మినల్ చదరంగంలో రెండు రకాల ప్రోగ్రాములున్నాయి. గ్నూ చెస్ మనతో నేరుగా ఆడుతుంది. ఎత్తు కొడితే బదులు ఎత్తు వేస్తుంది. స్టాక్‌ఫిష్ అలా ఆడదు. అది ఇంజిన్ మాత్రమే, యూసీఐ అనే పద్ధతిలో అడిగితేనే జవాబిస్తుంది. స్టాక్‌ఫిష్ తెరిచి 'ఈ2ఈ4' అని కొడితే 'అన్‌నోన్ కమాండ్' అంటుంది. ఆడుకోవడానికైతే గ్నూ చెస్, ఆట విశ్లేషణకైతే స్టాక్‌ఫిష్ తెరవండి. సగం గందరగోళం ఇక్కడే తీరిపోతుంది.

లక్షణం: ఇన్‌స్టాల్ చేశాం, అయినా 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటోంది

డెబియన్, ఉబుంటుల్లో ఆటల ప్రోగ్రాములు 'యూఎస్ఆర్' ఫోల్డర్‌లోని 'గేమ్స్' అనే చోట పడతాయి. మామూలు యూజర్‌కు ఆ దారి పాత్‌లో, అంటే ఆదేశాలను వెతికే చోట్ల జాబితాలో, ఉంటుంది. రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) లాగిన్ అయితే ఉండకపోవచ్చు. మామూలు యూజర్‌గా తెరవండి, లేదా స్లాష్‌తో మొదలుపెట్టి పూర్తి దారి రాయండి: స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ గేమ్స్ స్లాష్ జీఎన్‌యూచెస్. ఆట ఆడటానికి రూట్ అక్కర్లేదు కాబట్టి మొదటిదే మేలు.

లక్షణం: ఎత్తు కొడితే 'ఇన్‌వాలిడ్ మూవ్' అంటోంది

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కొక్కటే చూడండి.

మొదటిది మన తెలుగు పేర్ల ప్రభావం. ఇంట్లో నేర్చుకున్న పిల్లలు గుర్రానికి జీ, ఏనుగుకు ఈ, మంత్రికి ఎం కొడతారు. ప్రోగ్రామ్‌కు జీ, ఈ అంటే బోర్డు మీది నిలువు వరుసలు. ఎం అనే వరుసే లేదు. దానికి తెలిసినవి ఇంగ్లిష్ పేర్ల పెద్దక్షరాలే: రాజు కే, మంత్రి క్యూ, ఏనుగు ఆర్, శకటు బీ, గుర్రం ఎన్. నైట్‌లో మొదటి అక్షరం కే అయినా దాన్ని రాజుకు ఇచ్చేశారు కాబట్టి గుర్రానికి ఎన్ మిగిలింది. బంటుకు అక్షరమే లేదు, గడి పేరు చాలు.

రెండోది చిన్నక్షరం, పెద్దక్షరం. పెద్ద బీతో 'బీఎక్స్‌సీ4' అంటే శకటు సీ4లో కొట్టడం. చిన్న బీతో అదే రాస్తే బీ వరుసలోని బంటు కొట్టడం. రెండూ సాధ్యమయ్యే స్థితిలో ప్రోగ్రామ్ తప్పు చూపదు, మీరు అనుకోని ఎత్తు వేసేస్తుంది. ఇది ఇన్‌వాలిడ్ కన్నా ప్రమాదం. క్యాప్స్ లాక్ నొక్కి ఉంటే 'ఈ4' కూడా చెల్లదు.

ఈ రెండు తిప్పలూ లేకుండా ఆడాలంటే నాలుగు అక్షరాల పద్ధతి వాడండి. ఎక్కడి నుంచి, ఎక్కడికి, అంతే. రాజు ముందరి బంటు రెండు గడులు నడిస్తే 'ఈ2ఈ4'. గుర్రం దూకితే 'జీ1ఎఫ్3'. పావు పేరు అక్కర్లేదు, పెద్దక్షరం అక్కర్లేదు. రెండు గుర్రాలు ఒకే గడికి రాగలిగినప్పుడు ఏ గుర్రమనే సందేహమూ ఉండదు. కొత్తవాళ్లకు మేం ఇదే నేర్పమంటాం.

మూడోది క్యాస్లింగ్, అంటే రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం. 'ఓ-ఓ' అని చాటింగ్ మెసేజ్ నుంచి కాపీ చేస్తే మధ్య గీత పొడుగు గీతగా మారి వస్తుంది. రాజు నడకగా రాసేయండి: తెల్లవాళ్లకు దగ్గరి వైపు 'ఈ1జీ1', దూరం వైపు 'ఈ1సీ1'. నల్లవాళ్లకు 'ఈ8జీ8', 'ఈ8సీ8'.

అలా రాసినా ఒప్పుకోకపోతే తప్పు రాతలో లేదు, ఆటలో ఉంది. 'షో బోర్డ్' కొట్టండి. బోర్డు పైన మొదటి వరుసలో ఎవరి వంతో, దాని పక్కన క్యాస్లింగ్ హక్కుల అక్షరాలు కనిపిస్తాయి. ఆట మొదట్లో పెద్ద కే, పెద్ద క్యూ, చిన్న కే, చిన్న క్యూ నాలుగూ ఉంటాయి. పెద్దవి తెల్లవాళ్లవి, చిన్నవి నల్లవాళ్లవి. కే అంటే దగ్గరి వైపు, క్యూ అంటే దూరం వైపు. మీకు కావాల్సిన అక్షరం లేదంటే ఆ రాజో ఏనుగో ముందే ఒకసారి కదిలింది. తిరిగి పాత గడికి వచ్చినా హక్కు తిరిగి రాదు. అక్షరం ఉన్నా ఒప్పుకోవడం లేదంటే మూడింట్లో ఒకటి: దారిలో పావు ఉంది, రాజుకు ఇప్పుడు చెక్ ఉంది, లేదా రాజు దాటే గడి మీదో చేరే గడి మీదో ఎదుటివాళ్ల దాడి ఉంది. ఏనుగు మాత్రమే దాటే బీ1 మీద దాడి ఉంటే ఫర్వాలేదు. దీన్ని చాలామంది తప్పుగా నేర్చుకుని ఉంటారు.

నాలుగోది, బంటు చివరి గడికి చేరినప్పుడు ఏం కావాలో రాయకపోవడం. ఐదో అక్షరం చేర్చండి: 'ఈ7ఈ8క్యూ' అంటే మంత్రి. గుర్రం కావాలంటే చివర ఎన్.

ఐదోది, అన్నీ సరిగ్గా ఉన్నా ఒప్పుకోవడం లేదంటే కీబోర్డు తెలుగు లేఅవుట్‌లో ఉందేమో చూడండి. ఉబుంటులో సూపర్, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. కాపీ చేసిన ఎత్తులో ముందు '1.' అనే సంఖ్యో, వెనుక ఆశ్చర్యార్థకమో అంటుకుని వచ్చినా తీసేయండి. కంటికి కనిపించని అక్షరాలు కూడా అలాగే వస్తాయి. ఒకసారి కాపీ చేసింది ఒప్పుకోకపోతే చేత్తో కొట్టడమే త్వరగా తేలే పని.

లక్షణం: ఎత్తు వేశాం, కంప్యూటర్ బదులు వేయడం లేదు

ముందు ప్రాంప్ట్, అంటే మీ ఆదేశం కోసం ఎదురుచూస్తూ ప్రోగ్రామ్ చూపే మాట, చదవండి. అక్కడ వైట్ అనో బ్లాక్ అనో ఉండి, పక్కన ఎత్తు సంఖ్య ఉంటుంది. మీరు తెల్లపావులతో ఆడుతూ ఎత్తు వేశాక ప్రాంప్ట్ బ్లాక్ అని మిమ్మల్నే అడుగుతోందంటే మాన్యువల్ మోడ్‌లో ఉన్నారు. అందులో ఇద్దరి ఎత్తులూ మీరే వేయాలి. 'గో' కొడితే ఆ వంతు నుంచి కంప్యూటర్ ఆట అందుకుంటుంది.

తప్పు ఎత్తు వెనక్కి తీసుకోవడానికి 'అన్‌డూ' కొట్టినవాళ్లకు ఇంకో చిక్కు వస్తుంది. అన్‌డూ ఒక పక్క ఎత్తునే తీస్తుంది. మీరు వేశారు, కంప్యూటర్ బదులు వేసింది, మీరు అన్‌డూ కొట్టారు. పోయింది కంప్యూటర్ ఎత్తు. ఇప్పుడు వంతు నల్లవాళ్లది. మీరు మీ ఎత్తే అనుకుని కొడితే చెల్లదు, చెల్లే ఎత్తు ఏదైనా కొడితే రంగులు తారుమారవుతాయి. రెండు పక్కలూ కలిపి తీయాలంటే 'రిమూవ్' కొట్టండి. ఆడేటప్పుడు కావాల్సింది దాదాపు ప్రతిసారీ ఇదే.

ప్రాంప్టే రాకుండా కర్సర్ మాత్రమే ఉంటే ఎక్స్‌బోర్డ్ మోడ్‌లో తెరిచి ఉంటారు. అది మనుషుల కోసం కాదు, బొమ్మల బోర్డు ప్రోగ్రాముల కోసం. 'ఎక్స్‌బోర్డ్ ఆఫ్' కొట్టండి, లేదా 'క్విట్' కొట్టి ఏ ఆప్షనూ లేకుండా మళ్లీ తెరవండి.

ప్రాంప్ట్ లేకుండా 'థింకింగ్' అని ఉంటే ఆలోచిస్తోంది, అంతే. తొందరగా ఆడించాలంటే 'డెప్త్ 4' లాంటిది పెట్టండి. గడియారం పెట్టాలంటే 'లెవెల్' తర్వాత మూడు అంకెలు: ఎన్ని ఎత్తులు, ఎన్ని నిమిషాలు, ఎత్తుకు ఎన్ని అదనపు సెకన్లు. 'లెవెల్ 40 5 0' అంటే 5 నిమిషాల్లో 40 ఎత్తులు. మూడో అంకె సున్నా అయినా రాయాల్సిందే.

లక్షణం: తెర గడ్డకట్టింది, ఏం కొట్టినా కనిపించదు

ఆట సేవ్ చేద్దామని కంట్రోల్, ఎస్ నొక్కారా? టెర్మినల్‌లో అది సేవ్ కాదు, తెర మీదికి రాత రాకుండా ఆపే మీట. కంట్రోల్, క్యూ నొక్కండి, తిరిగి వస్తుంది. ఎత్తు వెనక్కి తీసుకుందామని కంట్రోల్, జెడ్ నొక్కితే ప్రోగ్రామ్ పక్కకు పోయి 'స్టాప్డ్' అని కనిపిస్తుంది. ఆట పోలేదు. 'ఎఫ్‌జీ' అని కొట్టండి, ఎక్కడ ఆపారో అక్కడికే వస్తారు. టెర్మినల్ మూసేస్తే మాత్రం పోతుంది.

లక్షణం: పావుల రంగులు తిరగబడి కనిపిస్తున్నాయి, లేదా డబ్బాలు వస్తున్నాయి

గ్రాఫిక్ మోడ్‌లో పావుల బొమ్మలు యూనికోడ్ అక్షరాలు. నల్లపావు అంటే నిండుగా ఉన్న బొమ్మ, తెల్లపావు అంటే గీతల బొమ్మ. టెర్మినల్ వెనుక రంగు నల్లగా ఉంటే నిండు బొమ్మ తెల్లగా వెలుగుతుంది, అందుకే తిరగబడినట్టు అనిపిస్తుంది. వెనుక రంగు తెలుపు చేసుకోండి. డబ్బాలొస్తే ఆ ఫాంట్‌లో ఆ బొమ్మలు లేవు. డెజావు సాన్స్ మోనో పెట్టండి, లేదా గ్రాఫిక్ మోడ్ వదిలేసి అక్షరాల బోర్డు వాడండి. అక్షరాల బోర్డులో పెద్దక్షరాలు తెల్లపావులు, చిన్నవి నల్లపావులు, చుక్క ఖాళీ గడి. ఎంత పాత తెర మీదైనా అది తప్పు చూపదు.

లక్షణం: స్టాక్‌ఫిష్ వేరే స్థితిని విశ్లేషిస్తోంది

స్థితి చెప్పే వరుస ఇది: 'పొజిషన్ స్టార్ట్‌పోస్ మూవ్స్', ఆ తర్వాత నాలుగక్షరాల ఎత్తులు, మధ్యలో ఖాళీ. ఇక్కడ పావు పేరుతో రాసే పద్ధతి చెల్లదు. మధ్యలో ఒక ఎత్తు తప్పుగా ఉంటే చాలా వెర్షన్లు ఏమీ చెప్పవు. అక్కడివరకు వేసి మిగతావి వదిలేస్తాయి. మీరు 20 ఎత్తులు ఇచ్చారనుకుంటారు, అది ఆరో ఎత్తు దగ్గర ఆగి ఉంటుంది. అందుకని పొజిషన్ ఇచ్చిన ప్రతిసారీ 'డీ' అనే ఒక్క అక్షరం కొట్టి బోర్డు చూసుకోండి. ఈ అలవాటు లేకుండా విశ్లేషణ నమ్మకండి.

ఫెన్ వరుస (బోర్డు స్థితిని ఒకే వరుసలో రాసే పద్ధతి) ఇచ్చేటప్పుడైతే అడ్డ వరుసకు ఎనిమిది గడులు లెక్క సరిపోవాలి. ఈ2 బంటు కదిలాక తెల్లవాళ్ల రెండో వరుస నాలుగు పెద్ద పీలు, అంకె 1, మళ్లీ మూడు పెద్ద పీలు: నాలుగు, ఒకటి, మూడు కలిపి ఎనిమిది. అంకె మర్చిపోతే ఏడే అవుతుంది, బోర్డు చెడుతుంది. వంతు చెప్పే డబ్ల్యూ లేదా బీ కూడా మర్చిపోవద్దు.

లక్షణం: మనం గెలుస్తున్నాం, స్కోరు మైనస్ చూపిస్తోంది

యూసీఐలో స్కోరు ఎప్పుడూ వంతు ఎవరిదో వాళ్ల వైపు నుంచి. తెల్లవాళ్లు బాగున్నా, వంతు నల్లవాళ్లదైతే మైనస్ వస్తుంది. 'సీపీ 100' అంటే సుమారు ఒక బంటు మేలు. 'మేట్ 3' అంటే మూడు ఎత్తుల్లో కట్టు.

లక్షణం: 'గో' కొట్టాం, ఆగడం లేదు, ల్యాప్‌టాప్ కాలిపోతోంది

హద్దు చెప్పకుండా 'గో' అంటే స్టాక్‌ఫిష్ ఆలోచిస్తూనే ఉంటుంది. వరుసలు పరుగెడుతున్నా సరే 'స్టాప్' అని కొట్టి ఎంటర్ నొక్కండి. మీ అక్షరాలు ఆ వరుసల్లో కలిసిపోయినట్టు కనిపించినా అది చదువుకుంటుంది. ఇకపై 'గో డెప్త్ 20' లేదా 'గో మూవ్‌టైమ్ 5000' అనండి. 5000 అంటే మిల్లీసెకన్లు, అంటే 5 సెకన్లు.

స్టాక్‌ఫిష్ మామూలుగా ఒక్క థ్రెడ్ (ఒకేసారి నడిచే పని), 16 ఎంబీ హ్యాష్ (లెక్కలు గుర్తుంచుకునే మెమరీ)తో మొదలవుతుంది. 'సెట్‌ఆప్షన్ నేమ్ థ్రెడ్స్ వాల్యూ 2' లాంటి వరుసతో పెంచవచ్చు, థ్రెడ్స్‌లో మొదటి అక్షరం పెద్దది. ఎన్ని కోర్లున్నాయో 'ఎన్‌ప్రాక్' చెబుతుంది. మే నెలలో తిరుపతి ఎండకు ఏసీ లేని గదిలో అన్ని కోర్లూ ఇచ్చేస్తే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. సగం కోర్లిస్తే వేగం కొంత తగ్గినా, మెషీన్ చల్లగా ఉంటుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న దానికి 256 ఎంబీ హ్యాష్ చాలు.

లక్షణం: ఎకో చేసి పైప్‌లో పంపితే పసలేని ఎత్తు వెంటనే వచ్చేస్తోంది

'గో డెప్త్ 20' పంపినా కన్నుమూసి తెరిచేలోపు బెస్ట్‌మూవ్ వచ్చిందంటే 20 దాకా వెళ్లలేదు. పైప్‌లో (ఒక ప్రోగ్రామ్ రాతను ఇంకోదానికి పంపే దారిలో) వరుసలు అయిపోగానే స్టాక్‌ఫిష్ దాన్ని క్విట్‌గా తీసుకుని, అప్పటికి దొరికింది చెప్పి వెళ్లిపోతుంది. వరుసల చివర 'స్లీప్ 15' చేర్చి మొత్తాన్ని బ్రాకెట్‌లో పెట్టి పైప్ చేయండి. ఆ 15 సెకన్లూ పైప్ తెరిచే ఉంటుంది.

లక్షణం: కరెంటు పోయింది, ఆట పోయింది

నవంబర్ వానల్లో ఇది తప్పదు. గ్నూ చెస్ దానంతటది సేవ్ చేయదు. పది ఎత్తులకొకసారి 'పీజీఎన్‌సేవ్' అని, ఖాళీ లేని ఫైల్ పేరు రాయండి, ప్రతిసారీ కొత్త పేరుతో. ఫైల్ ఎక్కడ పడిందో వెతకొద్దు, మీరు ఏ ఫోల్డర్‌లో నిలబడి ప్రోగ్రామ్ తెరిచారో అక్కడే ఉంటుంది. తర్వాత 'పీజీఎన్‌లోడ్' అని అదే పేరు ఇచ్చి, 'షో బోర్డ్'తో సరిచూసుకుని, కంప్యూటర్ వంతైతే 'గో' కొట్టండి.

చిత్తూరులో కూర్చుని తిరుపతి ల్యాబ్ మెషీన్‌కు ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి టెర్మినల్ తెరిచే పద్ధతితో) కలిసేవాళ్లకు కరెంటు కన్నా సిగ్నలే శత్రువు. లైన్ తెగితే ప్రోగ్రామూ ఆగిపోతుంది. ముందు 'టీమక్స్' కొట్టి దాని లోపల చదరంగం తెరవండి. తెగినా ఆట ఆ మెషీన్ మీద నడుస్తూనే ఉంటుంది. మళ్లీ కలిశాక 'టీమక్స్ అటాచ్' అంటే బోర్డు, ప్రాంప్ట్, మీ వంతు అన్నీ ఉన్నచోటే ఉంటాయి.