ఐరిష్ మాట ‘బోహర్’ నేర్చుకోవడం ఎలా? బళ్లో చదివిన సంధులు గుర్తుంటే చాలు

డబ్లిన్‌లో ఉండే మనవాళ్లు చాలామంది పిల్లల ఐరిష్ హోంవర్క్ దగ్గర చేతులెత్తేస్తారు. నాకు అది చూస్తే బాధ. ఇక్కడి ప్రైమరీ బళ్లలో ఐరిష్ అందరూ చదవాల్సిన సబ్జెక్టు. అమ్మో నాన్నో పక్కన కూర్చుంటే పిల్లలకి టెన్షన్ సగం తగ్గుతుంది. మా పాపతో నేను మాటల జాబితాలు బట్టీ పట్టించను. ఒక్క మాట తీసుకుని అది ఎన్ని వేషాలు వేస్తుందో ఇద్దరం చూస్తాం. మొదలుపెట్టడానికి ‘బోహర్’ మంచి మాట. అంటే రోడ్డు. ఇక్కడి వీధి బోర్డుల మీద రోజూ కనిపిస్తుంది.

ముందు స్పెల్లింగ్: బి, ఓ, టి, హెచ్, ఎ, ఆర్. ఓ మీద ఏటవాలు గీత ఉంటుంది, దాన్ని ‘ఫాదా’ అంటారు. మన దీర్ఘమే అది. టి పక్కన హెచ్ వస్తే ‘హ’ ఒక్కటే పలుకుతుంది, కాబట్టి ‘బోథర్’ అనకండి. ‘త్యాంగ్లన్’ అనే ఉచిత నిఘంటువు సైట్‌లో అల్‌స్టర్, కానాక్ట్, మన్‌స్టర్ మాండలికాలు మూడింట్లోనూ ఉచ్చారణ వినొచ్చు. పిల్లల చేత ఒక్కటే అనిపించండి, మూడూ కలపొద్దు.

ఈ మాటలో ఆవు ఉంది. ఐరిష్‌లో ‘బో’ అంటే ఆవు. సంస్కృతంలో ‘గో’, ఐరిష్‌లో ‘బో’ ఒకే పాత మాట నుంచి వచ్చాయి. పూర్వం ఐర్లండ్‌లో ఆస్తినీ జరిమానానీ ఆవుల్లో లెక్కగట్టేవాళ్లు. 908లో చనిపోయిన కోర్మాక్ అనే రాజు పేరు మీద ఉన్న పాత నిఘంటువు, ఒక ఆవు పొడుగ్గా, ఇంకోటి అడ్డంగా పట్టేంత దారి బోహర్ అంటుంది. అబ్బాయిని పిలిచే ‘బూఅఖల్’ కూడా ఆ ఆవు నుంచే వచ్చింది, అసలర్థం పశువుల కాపరి. ఈ మాట చెప్పగానే మా పాప “గోపాలుడే కదా!” అంది.

ఇక అందరూ భయపడేది మాట మొదటి అక్షరం మారిపోవడం గురించి. దీనికి మనం భయపడక్కర్లేదు. ‘వాడు, పోయె’ కలిస్తే ‘వాడువోయె’ అని గసడదవాదేశ సంధిలో చదివాం. ‘పూచెను, కలువలు’ కలిస్తే ‘పూచెను గలువలు’ అని సరళాదేశంలో చదివాం. ఐరిష్‌లో జరిగేవి దాదాపు ఇవే. మొదటి రకంలో బ కాస్తా వ అవుతుంది, రాసేటప్పుడు బి పక్కన హెచ్ పెడతారు. ‘నా రోడ్డు’ అంటే ‘మొ వోహర్’. రెండో రకంలో క కాస్తా గ, బ కాస్తా మ అవుతాయి. ఒకప్పుడు ముందు మాట చివర ఉండి అరిగిపోయిన నకారం చేసిన పని ఇది, అచ్చం మన ద్రుతం లాగే. ఇక్కడ పాత అక్షరాన్ని తీసెయ్యరు, దాని ముందు కొత్తది చేరుస్తారు. కొత్తదాన్నే పలకాలి. ‘రోడ్డు మీద’ అంటే ‘ఎర్ అన్ మోహర్’, రాసేటప్పుడు మాత్రం ఎం, బి రెండూ ఉంటాయి. ఐర్లండ్ వాయవ్యాన ఉన్న డోనెగాల్ వైపు ఇక్కడ కూడా ‘వోహర్’ అనే అంటారు. బళ్లో ఏది చెప్తే అదే పాటించండి.

షష్ఠి రూపం కోసం డార్ట్ రైలెక్కి బూటర్స్‌టౌన్ స్టేషన్‌లో దిగండి. ఆ ఊరి ఐరిష్ పేరు ‘బాల్యె అన్ వోహిర్’, రోడ్డు ఊరు. బ మారి వ అయింది, చివరి ఆర్ ముందు ఒక ఐ చేరి ఆ రకారం మెత్తబడింది. అలాగే డబ్లిన్‌లోని స్టోనీబ్యాటర్ అనే పేట అసలు పేరు ‘బోహర్ న గ్లొఖ్’, రాళ్ల రోడ్డు. రాయి ‘క్లొఖ్’, బోర్డు మీద సి ముందు చిన్న జి కనిపిస్తుంది. ఇంగ్లిష్ పేరులోని ‘బ్యాటర్’ కూడా బోహరే. బహువచనం ‘బోహ్రె’. చిన్న రోడ్డు ‘బోహ్రీన్’, ఇక్కడి ఇంగ్లిష్‌లో అది ‘బొరీన్’ అయింది.

వాడుకలోకి రావాలంటే ఒక వీడ్కోలు మాట నేర్పండి: ‘గొ నైరీ అన్ బోహర్ ల్యత్’. ప్రయాణం బాగా జరగాలని దీవెన. దీన్ని ఇంగ్లిష్‌లో రోడ్డే పైకి లేచి వచ్చినట్టు చెప్తుంటారు గానీ, ఆ క్రియకి ‘తో’ అనే విభక్తి చేరితే అర్థం ‘కలిసి రావడం’. టీచర్‌కైనా ‘ల్యత్’ అనే చెప్పొచ్చు, మన ‘మీరు’ లాంటి గౌరవ బహువచనం ఇక్కడ లేదు. నలుగురికి చెప్పేటప్పుడు మాత్రం ‘లివ్’ అనాలి.

ఇది పట్టుబడ్డాక ‘స్రాజ్’ తీసుకోండి, వీధి అని అర్థం. బోహర్ పుంలింగం కాబట్టి పెద్ద రోడ్డు ‘అన్ బోహర్ మోర్’. స్రాజ్ స్త్రీలింగం కాబట్టి పెద్ద వీధి ‘అన్ త్రాజ్ వోర్’. రెండూ పక్కపక్కన రాసి, ఏ అక్షరాలు మారాయో పిల్లల్నే కనిపెట్టమనండి.