గ్యాస్ కటింగ్‌కి డీఏ (ఎసిటిలీన్) గ్యాసా, ఎల్పీజీనా? ఎలా తేల్చుకోవాలి

ఒడిశాలో రాయగడ, జయపురం వైపు కొత్తగా కటింగ్ షెడ్ పెట్టే మనోళ్ళు ముందు గ్యాస్ బండ రేటు అడుగుతారు, కానీ ముందు చూసుకోవాల్సింది చేతిలో ఉన్న పని. ఇనుమును నిజంగా కోసేది ఆక్సిజనే, గ్యాస్ మంట దాన్ని సుమారు 900 డిగ్రీల దాకా కాల్చి ఇస్తాది అంతే, ఆ తర్వాత ఆక్సిజన్ ధారలో ఇనుమే మండి కరిగిపోతాది.

1. పని చూడండి. రోజంతా స్క్రాప్, ఇనుప చానెళ్ళు, మందం ప్లేట్లు కోయడమే అయితే ఎల్పీజీ చాలు. గ్యాస్ వెల్డింగ్ కూడా చేస్తామంటే మాత్రం డీఏ, అంటే ఎసిటిలీన్, తప్పదు, ఎల్పీజీ మంటతో స్టీల్ వెల్డింగ్ కుదరదు. ప్లేటు మధ్యలో బొక్కలు పెట్టే పని ఎక్కువున్నా డీఏనే మేలు, దాని మంట 3100 డిగ్రీలు దాటుతాది, ఎల్పీజీది 2800 దగ్గర ఆగుతాది, ఎర్రబడ్డానికి టైం పడతాది. స్టెయిన్‌లెస్ స్టీల్ దేంతోనూ సరిగా తెగదు.

2. ఆక్సిజన్ ఖర్చు కూడా కలపండి. ఎల్పీజీ చవకే, కాదనను, కానీ మంటకి ఒక వంతు గ్యాస్‌కి నాలుగు వంతుల దాకా ఆక్సిజన్ తాగుతాది, డీఏకి ఒకటింపావు చాలు. నెల బిల్లు రెండూ కలిపి చూడండి. ఇంటి బండ వాడొద్దు, అది నేరం, కమర్షియల్ బండే తీసుకోండి.

3. నాజిల్ మార్చండి. ఎల్పీజీది రెండు ముక్కలుగా వస్తాది, డీఏది ఒకటే. హోస్, రెగ్యులేటర్ కూడా ఏ గ్యాస్ వాడితే దానికి తగ్గవి ఉండాలి, గ్యాస్, ఆక్సిజన్ రెండు లైన్లకీ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ (మంట వెనక్కి పైపులోకి పోకుండా ఆపేది) పెట్టించండి, దయచేసి అక్కడ డబ్బులు మిగుల్చుకోకండి.

4. ప్రమాదం ఎక్కడుందో తెలుసుకోండి. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే గుంటల్లో, డ్రైనేజీలో చేరి కూర్చుంటాది, అందుకే గుంతలో దిగి కోసే పనికి అది వద్దు. డీఏ అయితే ప్రెషర్ 15 పీఎస్ఐ దాటకూడదు, బండ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, పడుకోబెడితే లోపలున్న అసిటోన్ బయటికి వచ్చేస్తాది.

కొరాపుట్, సెమిలిగుడ వైపు చలికాలం పొద్దున్నే ఎల్పీజీ ప్రెషర్ పడిపోతాది, గట్టిగా లాగితే బండ మీద మంచు కూడా పడతాది, అప్పుడు బండకి మంట చూపించడం లాంటివి అస్సలు చేయొద్దు, కాసేపు ఆపండి లేదా రెండు బండలు కలిపి వాడండి. ఆక్సిజన్ రెగ్యులేటర్‌కి మాత్రం నూనె, గ్రీజు చుక్క కూడా తగలనివ్వకండి, పేలిపోతాది.