రాయిలో రాయి పొదిగే ముందు జాగ్రత్తలు

నల్ల అగేట్ (అకీకు రాయి)లో మలకైట్ అనే పచ్చని రాగి ఖనిజపు బిళ్లను పొదిగి కాబోషాన్‌గా, అంటే పైభాగం నున్నగా ఉబ్బి ఉండే రాయిగా, సానపట్టదలచినవారు ముందుగా రెండింటి గట్టిదనాన్ని చూసుకోవాలి. గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చూపే మోస్ కొలమానంలో అగేట్‌ది 6.5 నుంచి 7, మలకైట్‌ది 3.5 నుంచి 4 కనుక, అరిగిపోయిన సానచక్రం వాడినా, గట్టిగా అదిమినా మెత్తని రాయి ముందుగా తరిగి, అతుకు వెంబడి గోటికి తగిలే పల్లం ఏర్పడుతుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది ధూళి. బిళ్ల కూర్చునే గుంత తొలిచేటప్పుడు వజ్రపు బిట్టు మొన, రాయి నీటిలో మునిగి ఉండాలి, మోటారు మాత్రం తడవకూడదు. అగేట్ ధూళిలోని సిలికా వల్ల గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఎందరో అకీకు కార్మికులు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు బారినపడ్డారు; మలకైట్ పొడిలోని రాగి కూడా హానికరమే. అందుచేత మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి.

బిళ్ల బిగుతుగా దిగకపోతే బలవంతంగా నొక్కకూడదు, పగులుతుంది. వేలిముద్రల జిడ్డు ఉంటే ఎపాక్సీ జిగురు సరిగా పట్టదు కాబట్టి, గుంతను, బిళ్లను స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.